పరుగెత్తే యౌవనస్థులు – మోకాలి పట్టీలు

పోలీసు ఉద్యోగాలకు గానీ, సైన్యంలో చేరడానికి గానీ ప్రకటన వెలువడిందంటే చాలు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. మైదానం దొరకని పల్లెల్లో పిల్లలు తారు రోడ్డు మీదే పరుగెత్తుతారు. వారిలో చాలామంది వ్యవసాయ కూలీల, చిన్న రైతుల, సింగరేణి కార్మికుల బిడ్డలు. ఆ ఒక్క ఉద్యోగం మీద ఇంటిల్లిపాది ఆశ పెట్టుకుని ఉంటారు. సరిగ్గా అప్పుడే మోకాలు నొప్పి మొదలవుతుంది. స్నేహితుడు చెప్పాడని మెడికల్ షాపుకు వెళ్లి ఒక నీ క్యాప్ కొనుక్కుని, మరునాడు మళ్లీ పరుగెత్తుతారు. ఆ పట్టీ నిజంగా మేలు చేస్తుందా? ఏది కొనాలి? ఎలా వాడాలి? తల్లిదండ్రులకూ యౌవనస్థులకూ ఉపయోగపడునట్లు ఈ సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము.

2022లో తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయవలసి వచ్చింది. లెక్క చూస్తే ప్రతి 400 మీటర్లకు పురుషులకు సుమారు 109 సెకన్లు, స్త్రీలకు 160 సెకన్లు. ఆరోగ్యవంతులైన పిల్లలు కొన్ని నెలలు క్రమంగా సాధన చేస్తే అందుకోగల వేగమే ఇది. అయితే ఏడాదంతా ఊరకుండి, ప్రకటన రాగానే మొదటి వారంలోనే రోజుకు ఐదారు కిలోమీటర్లు పరుగెత్తేవారికే మోకాలు ఎదురు తిరుగుతుంది.

నొప్పి ఎక్కడ?

తొడ ఎముక, కాలి ఎముక, ముందువైపు చిప్ప కలిసేచోటు మోకాలు. వీటిని బిగించి ఉంచేవి నరాల్లా గట్టిగా ఉండే కట్లు. ఎముకల మధ్య మెత్తలా ఉండేది మృదులాస్థి. పరుగెత్తేటప్పుడు అడుగు పడిన ప్రతిసారీ మన బరువుకు ఎన్నో రెట్ల భారం ఈ కీలు మీద పడుతుంది. ఆ భారాన్ని మోయవలసినవి తొడ, తుంటి, పిక్క కండరాలు. అవి బలహీనంగా ఉంటే ఆ భారమంతా కీలే మోయవలసి వస్తుంది.

పట్టీ కొనకముందు నొప్పి ఎక్కడుందో వేలితో చూపించమని అడగండి. చిప్ప చుట్టూ, చిప్ప వెనుక నొప్పి ఉండి, మెట్లు దిగేటప్పుడు, గొంతుకు కూర్చున్నప్పుడు, బస్సులో చాలాసేపు కూర్చున్నప్పుడు ఎక్కువైతే అది పరుగెత్తేవారిలో తరచుగా కనిపించే చిప్ప నొప్పి. చిప్పకు కిందనే నొప్పి ఉంటే అక్కడి కండర బంధనం ఒత్తిడికి లోనైందని అర్థం. లాంగ్ జంప్ సాధన చేసేవారికి ఇది ఎక్కువ. మోకాలి బయటివైపు నొప్పి ఉంటే తుంటి నుండి కిందికి వచ్చే పొడవాటి పట్టీలాంటి కండర పొర మీద దృష్టి పెట్టాలి. ఎదిగే వయస్సు పిల్లలకు చిప్ప కింద గట్టిగా బొడిపెలా లేచి నొప్పి పెట్టడం కూడా ఉంది. విశ్రాంతి ఇస్తే అది చాలావరకు తగ్గిపోతుంది.

ఏ పట్టీ దేనికి?

మొదటిది, గొట్టంలా తొడుక్కునే సాగే గుడ్డ పట్టీ. దీన్నే మనవాళ్లు నీ క్యాప్ అంటారు. ఇది కీలును కొంచెం వెచ్చగా ఉంచి, మెల్లగా అదిమి, ‘ఇక్కడ మోకాలు ఉంది, జాగ్రత్త’ అని శరీరానికి గుర్తు చేస్తుంది. అంతకుమించి ఎముకలను పట్టి ఉంచే శక్తి దానికి లేదు.

రెండవది, చిప్ప దగ్గర గుండ్రని రంధ్రం, దాని చుట్టూ మెత్తని వలయం ఉన్నది. చిప్ప నొప్పి ఉన్నవారిలో కొందరికి ఇది హాయిగా ఉంటుంది. మూడవది, చిప్ప కింద కట్టుకునే సన్నని బెల్టు. చిప్ప కింద నొప్పి ఉన్నవారికి ఇది ఉద్దేశించినది. నాలుగవది, రెండు పక్కలా లోహపు కడ్డీలు, మడతబందులు ఉన్న పెద్ద పట్టీ. కట్లు తెగినవారికి, శస్త్రచికిత్స అయినవారికి వైద్యుడు చెప్పినప్పుడు వాడేదే గాని, షాపులో చూసి ముచ్చటపడి కొనుక్కోవలసినది కాదు.

చిప్ప నొప్పికి పట్టీలు ఎంతవరకు పనిచేస్తాయో తెలుసుకోవడానికి అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటినీ కాక్రేన్ సంస్థ 2015లో ఒకచోట చేర్చి పరిశీలించింది. పట్టీ వలన నొప్పి తగ్గుతుందనడానికి బలమైన రుజువు దొరకలేదు. అదే సంవత్సరం వ్యాయామాలను గూర్చి చేసిన పరిశీలనలో, వ్యాయామం వలన నొప్పి తగ్గి పని తీరు మెరుగుపడవచ్చని కనిపించింది. కాబట్టి పట్టీని ఊతకర్రలా చూడాలి. అసలు వైద్యం కండరాలను బలపరచడమే.

కొలత తీసుకోండి

‘మీడియం ఇవ్వండి’ అని అడగడం సరికాదు. టైలరు దగ్గర వాడే టేపు తీసుకుని, నిలబడి, కాలు వదులుగా ఉంచి కొలవాలి. కొన్ని కంపెనీలు చిప్ప మధ్యన, కొన్ని చిప్పకు పైన తొడ దగ్గర కొలవమంటాయి గనుక డబ్బా మీది బొమ్మ చూసి అక్కడే కొలవండి. తొడుక్కున్న తరువాత అంచు కింద ఒక వేలు దూరాలి. పది అడుగులు నడిచి, రెండుసార్లు గొంతుకు కూర్చుని లేచి చూడండి. జారిపోతే అది వదులు. మోకాలి వెనుక ఒరుసుకున్నా, పాదం తిమ్మిరెక్కినా, వేళ్లు చల్లబడినా అది బిగుతు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మంచి పట్టీ కాదు. సరిపోయేదే మంచి పట్టీ.

పరుగుకు ముందు వేసుకుని, అయిపోగానే తీసివేయండి. వైద్యుడు చెప్పితే తప్ప రాత్రి పెట్టుకుని పడుకోవద్దు. మన ఎండలకు చెమట పట్టి దద్దుర్లు, దురద వస్తాయి. అలా వస్తే మానివేసి గాలి ఆడే రకం చూసుకోండి. రోజూ చల్లని నీటిలో కొద్దిగా సబ్బుతో ఉతికి నీడలో ఆరవేయండి. ఎండలోను, వేడినీటిలోను సాగే గుణం పోతుంది. సాగిపోయి వదులైన పట్టీ ఉన్నా లేనట్టే. పరీక్ష రోజున కట్టుకోదలచినవారు ఆ ప్రకటనలోని నియమాలను ముందే చదువుకోవాలి. కొత్త పట్టీని ఆ రోజే మొదటిసారి వేసుకోకూడదు.

పట్టీ కన్నా ముఖ్యమైనవి

నొప్పి మొదలైతే పరుగు దూరాన్ని సగానికి తగ్గించండి. రోజు విడిచి రోజు పరుగెత్తండి. మధ్య రోజుల్లో ఈ వ్యాయామాలు చేయండి: వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు ఎత్తి దించడం, మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం, ఒక పక్కకు పడుకుని పై కాలు లేపడం, గోడకు ఆనుకుని కొంచెంగా కూర్చున్నట్టు నిలవడం, మునివేళ్ల మీద లేవడం. ఒక్కొక్కటి పదేసిసార్లు, రెండు మూడు విడతలు చాలు. ఫలితం కనిపించడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. అందుకే ప్రకటన కోసం ఎదురుచూడకుండా ముందే మొదలుపెట్టాలి.

అరిగిపోయిన బూట్లు మార్చండి. సిమెంటు రోడ్డు కన్నా మట్టి మైదానం మేలు. చీకటిలో రోడ్డు మీద పరుగెత్తడం, అందులోనూ భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు తిరిగే దారిలో, మోకాలికే కాదు ప్రాణానికే ముప్పు.

ఇక ఒక హెచ్చరిక. పరీక్షకు ముందు నొప్పి తెలియకుండా సూది వేయించుకోవడం, నొప్పి మాత్రలు మింగడం చాలా ప్రమాదం. నొప్పి తెలియకపోతే గాయం మరింత పెద్దదవుతుంది. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఆ మందులు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. కడుపులో పుండ్లు కూడా చేయగలవు.

మోకాలిలో ‘టప్’మని శబ్దం వచ్చి వెంటనే వాచినా, కాలు మోపలేకపోయినా, మోకాలు ఇరుక్కుపోయినట్టయినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా, జ్వరంతో పాటు కీలు ఎర్రగా వేడిగా ఉన్నా పట్టీ కట్టి ఊరుకోవద్దు. నాటు కట్టు, మర్దన జోలికి పోవద్దు. ఎముకల వైద్యునికి చూపించండి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి ఎలాగూ ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామపు అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచింది. దాని వెనుక శిక్షకుల చేతికింద ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. పేద ఇంటి ఆడపిల్ల కూడా అంత దూరం పోగలదు, కాని మూడు వారాలలో కాదు. మీ బిడ్డ కుంటుతూ ఇంటికి వస్తే ‘ఈసారి పోతే మళ్లీ రాదు’ అని తొందర పెట్టకండి. ఉద్యోగ ప్రకటన మరోసారి వస్తుంది. తెగిన కట్టు మాత్రం మునుపటిలా కావడం కష్టం. ఈ రాత్రి మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, నొప్పి ఎక్కడుందో చూపించమని అడగండి.