గొంతు మనది, గోల గదిది!

ఇంట్లో కూర్చుని, సెల్‌ఫోనులో ఒక పాఠం చదివి రికార్డు చేయండి. తిరిగి వినండి. గొంతు మీదే, చదివినదీ తప్పుల్లేకుండానే. కానీ ఎవరో బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది! వెనకాల ఫ్యాను గుర్రుమంటూ ఉంటుంది. అదే పాఠాన్ని రేడియోలో ఎవరైనా చదివితే మన పక్కనే కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. ఎందుకని?

“వాళ్ళ మైకు ఖరీదైంది కాబట్టి” అని చప్పున అనేస్తాం. మైకు సంగతి కాస్త ఆగి చూద్దాం. ముందు గదిని పట్టుకోవాలి.

ఇదంతా షోకు కోసం కాదు. చూపులేని విద్యార్థులు చాలామంది చెవులతోనే చదువుకుంటారు. వాళ్ళకోసం పాఠాలు చదివి రికార్డు చేసి ఇచ్చేవాళ్ళున్నారు. ఆ పని మీరూ చేయవచ్చు. చూపున్నవాళ్ళకు ఒక మాట సరిగా వినబడకపోతే పుస్తకం తెరిచి చూసుకుంటారు. వాళ్ళకు ఆ వీలెక్కడిది? ఆ రికార్డే వాళ్ళ పుస్తకం. అందులో ఒక హల్లు చెదిరిందంటే పుస్తకంలో ఒక అక్షరం చెరిగినట్టే.

హల్లు ఎలా చెదురుతుంది? ‘అటు’ అనండి. తరవాత ‘అట్టు’ అనండి. రెండో మాటలో నాలుక అంగిలికి అంటుకుని కాసేపు ఆగిపోయింది, గమనించారా? ఆ కాసేపూ నోట్లోంచి శబ్దమే రాదు. ఆ చిటికెడు నిశ్శబ్దమే ‘అటు’ను ‘అట్టు’గా మార్చింది! ఇప్పుడు గది ఏం చేస్తుందో చూడండి. మీరు పలికిన ‘అ’ గోడలకు తగిలి, తిరిగి వచ్చి, సరిగ్గా ఆ నిశ్శబ్దంలో దూరుతుంది. నిశ్శబ్దం నిండిపోతుంది. వినేవాళ్ళకు దారి చూపిస్తున్నారో, టిఫిను పెడుతున్నారో తెలియదు!

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడ 17 మీటర్ల దూరాన ఉంటే, పోయి రావడానికి సెకనులో పదోవంతు పడుతుంది. అప్పుడు మన మాట మళ్ళీ విడిగా వినిపిస్తుంది. దీన్నే ప్రతిధ్వని అంటారు. ఇంట్లో గోడలు అంత దూరాన ఉండవు. అందుకని తిరిగొచ్చిన శబ్దాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి, అసలు మాటకు తోకలా అంటుకుంటాయి. ఈ తోక పేరు ప్రతినాదం. గోల్కొండ కోటలో కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే కొండమీది మండపం దాకా వినిపిస్తుంది. రాతి గోడలు శబ్దాన్ని మింగకుండా తిప్పికొట్టడమే అందులో పెద్ద కిటుకు. కోటకు ఉపయోగపడిన ఆ గుణమే మన రికార్డింగును పాడుచేస్తుంది.

ఈ తోకను మొదట కొలిచినవాడు వాలెస్ సెబైన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం అనే కొత్త భవనం తెరిచారు. అందులోని ఉపన్యాసశాలలో ఒక మాట పలికితే సుమారు ఐదున్నర సెకన్లపాటు మోగుతూనే ఉండేది. ఆ లోపల ఉపన్యాసకుడు ఇంకో పది మాటలు చెప్పేసేవాడు. ఇక ఎవరికేం అర్థమవుతుంది? దీని సంగతి చూడమని యువకుడైన సెబైన్‌కు పని అప్పగించారు. పక్కనున్న నాటకశాలలోని కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి హాల్లో పరిపించాడు. ఊరంతా నిద్రపోయాక ఆర్గన్ గొట్టాన్ని మోగించి, ఆపి, ఆ మోత ఎన్ని సెకన్లకు చెవికి అందకుండా పోతుందో గడియారంతో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ తోక పొట్టిదయింది. కొలిచేవాడి ఒంటిమీది బట్టలు కూడా లెక్కను మారుస్తాయని కనిపెట్టి, ఆ తరవాత ఎప్పుడూ ఒకే దుస్తులు వేసుకుని కొలిచాడట! చివరికి చిన్న సూత్రం దొరికింది:

ప్రతినాద కాలం = 0.161 × గది ఘనపరిమాణం ÷ గది మొత్తం శోషణ

శబ్దశక్తి పదిలక్షల వంతుకు తగ్గేందుకు పట్టే సమయమే ప్రతినాద కాలం. శోషణ అంటే శబ్దాన్ని మింగే శక్తి. దాన్ని కొలవడానికి సెబైన్ తెరిచిన కిటికీని ప్రమాణంగా తీసుకున్నాడు. కిటికీలోంచి పోయిన శబ్దం మళ్ళీ రాదు కదా! కాబట్టి ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఉంటే శోషణ 1 అన్నమాట.

ఇక లెక్క చేద్దాం. కామారెడ్డి జిల్లా రాజంపేటలో ఒక గది ఉందనుకోండి. పొడవు 4 మీటర్లు, వెడల్పు 3, ఎత్తు 3. సిమెంటు పూత గోడలు, స్లాబు కప్పు, బండల నేల. సామాను లేదు. ఘనపరిమాణం 36 ఘనపు మీటర్లు. గోడలు, కప్పు, నేల కలిపి 66 చదరపు మీటర్లు. ఇలాంటి గట్టి తలాలు తమమీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులే మింగుతాయనుకుందాం. మొత్తం శోషణ సుమారు 2. ప్రతినాద కాలం 2.9 సెకన్లు! మాటలు కలగాపులగం కాక ఏమవుతాయి?

ఇప్పుడు ఇంట్లోని బొంతలన్నీ బయటికి తీయండి. ఐదారు మందపాటి బొంతలను మడతపెట్టకుండా తాళ్ళమీద గోడలకు జానెడు ఎడంగా వేలాడదీస్తే సుమారు 15 చదరపు మీటర్లు కప్పుతాయి. మాటల శబ్దంలో నూటికి 60 వంతులు అవి మింగుతాయనుకుంటే శోషణ ఇంకో 9 పెరిగి 11 అవుతుంది. ప్రతినాద కాలం అర సెకనుకు దిగుతుంది. ఖర్చు ఎంత? సున్న!

బొంత శబ్దాన్ని ఎలా మింగుతుంది? శబ్దమంటే గాలి ముందుకూ వెనక్కూ ఊగడమే. ఆ ఊగే గాలి నూలు పోగుల సందుల్లో ఇరుక్కుని, పోగులతో రాసుకుని, తన శక్తిని కొద్దిపాటి వేడిగా పోగొట్టుకుంటుంది. గోడను తాకుతూ ఉన్నచోట గాలి ఊగలేదు. కాస్త ఎడంగా ఉన్నచోట బాగా ఊగుతుంది. అందుకే జానెడు సందు వదలమన్నది.

బొంతలు కట్టేశాం కదా, బయటి మోత కూడా రాదనుకుంటున్నారా? అది పొరపాటు. లోపలి శబ్దాన్ని మింగడం వేరు, బయటి శబ్దాన్ని ఆపడం వేరు. ఆపడానికి బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి. బోరుమోటారు, లారీ చేసే బొంగురు మోతల తరంగ దైర్ఘ్యం మీటర్లలో ఉంటుంది. వాటికి బొంత ఒక లెక్కలోది కాదు. కిటికీ తెరిస్తే ప్రతినాదం తగ్గుతుంది గాని వీధి అంతా లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి కిటికీ మూయండి, ఫ్యాను ఆపండి, సెబైన్‌లా సమయం చూసుకోండి. పట్నంలో అయితే అర్ధరాత్రి మంచిది. పొలాల మధ్య ఊళ్ళో వానపడిన రాత్రి కప్పలు కచేరీ పెడతాయి! అక్కడ ఏ వేళ నిశ్శబ్దమో మీ చెవే చెప్పాలి.

ఇక మైకు. దాన్ని నోటికి జానెడు దూరంలో ఉంచండి. మీటరు దూరం నుంచి పావు మీటరుకు తెస్తే నేరుగా వచ్చే మీ గొంతు పీడనం నాలుగింతలవుతుంది. గది గోల మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. మైకు నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు ఉండాలి. లేకపోతే ప, ఫ, బ, భ పలికినప్పుడు పెదవుల నుంచి వచ్చే గాలి మైకును ‘డబ్’మని కొడుతుంది.

వృత్తిగా చేసేవాళ్ళ ప్రమాణం ఏమిటి? శ్రవణ పుస్తకాల కోసం ఏసీఎక్స్ అనే వేదిక పెట్టిన కొలతలు చూడండి. కంప్యూటరు పట్టగల అతి పెద్ద శబ్దాన్ని సున్న డెసిబెల్ అనుకుంటే, మాటల సగటు −23కూ −18కీ మధ్య ఉండాలి. ఎంత గట్టిగా పలికినా −3 దాటకూడదు. మౌనంగా ఉన్నప్పటి రొద −60 కంటే తక్కువ ఉండాలి. −60 అంటే పెద్ద శబ్దపు పీడనంలో వెయ్యోవంతు. సున్న దాటితే తరంగం శిఖరం కత్తిరించినట్టు తెగిపోతుంది. ఆ తెగిన ముక్క కంప్యూటరులో ఎక్కడా ఉండదు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఈ అంకెలు చూసుకోవచ్చు. చదవడానికి ముందు పది సెకన్లు మౌనంగా రికార్డు చేస్తే రొద ఎంతో తేలిపోతుంది.

అంకెలు సరిపోయినా అసలు పరీక్ష చెవిదే. అటు–అట్టు, గడి–గడ్డి, గది–గద్ద, పాలు–ఫాలం లాంటి ఇరవై మాటలు కలగలిపి రాసుకోండి. ఖాళీ గదిలో మీటరు దూరం నుంచి ఒకసారి, బొంతల మధ్య జానెడు దూరం నుంచి ఇంకోసారి చదివి రికార్డు చేయండి. రెండోసారి మాటల వరస మార్చండి. జాబితా చూడని స్నేహితులకు వినిపించి, విన్నది విన్నట్టు రాయమనండి. ఎన్ని ఒప్పో లెక్కపెట్టండి. ఇరవైకి ఇరవై వస్తే మీరు పాఠం చదవడం మొదలుపెట్టవచ్చు. రెండు తప్పులు వస్తే? ఇంకో బొంత వెతకండి!