చిన్నపురుగు - పాతకటకం

చిన్నపామునైనా పెద్దకర్రతో కొట్టవలెనని సామెత. అయితే కర్ర ఎత్తే ముందు ఎదుట ఉన్నది పామా, త్రాడా అని తేల్చుకొనవలె గదా! త్రాటిని చూచి పామని భ్రమించడం వేదాంతగ్రంథాలలోని దృష్టాంతం మాత్రమే కాదు. కృష్ణా డెల్టాలో వరి పండించే రైతుకు ఎదురయ్యే చిక్కు కూడా.

తెనాలి నుండి రేపల్లె పోయే రైలుబండిలో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి సార్వా రోజులలో ఇరువైపులా పచ్చని వరిచేలు కనిపిస్తాయి. ఆ పచ్చదనం మాటున ఒక పోరాటం జరుగుతున్నదని దూరపుచూపుకు తెలియదు. దుబ్బుల మొదళ్లలో సుడిదోమ చేరి రసం పీలుస్తుంది. దాని పొడవు మూడు నుండి అయిదు మిల్లీమీటర్లు. అది ముమ్మరించిన చేలో పైరు వలయాలు వలయాలుగా ఎండిపోతుంది. 1945లో వ్యవసాయ కళాశాల నెలకొన్న బాపట్లయే, 1986లో విడుదలై ఇంటింటి అన్నమైన బి.పి.టి. 5204కు, అనగా సాంబమసూరికి, పుట్టినిల్లు. రుచికి పేరొందిన ఆ వంగడానికి సుడిదోమను తట్టుకొనే శక్తి మాత్రం లేదు.

అదే దుబ్బులో ఆ దోమకు ఒక శత్రువు కూడా కాపురముంటుంది. అది పచ్చని మిరిడ్ నల్లి. ఆకుతొడుగులలో దోమ దాచిన గ్రుడ్లను, దాని పిల్లలను పీల్చి చంపుతుంది. అంటే రైతుకు జీతం లేని కాపలాదారు. కాని పైరును పీల్చే పచ్చదీపపు పురుగు కూడా పచ్చనిదే, ఇంచుమించు అంత చిన్నదే. పచ్చగా కదిలినదెల్ల పగవాడే అనుకొని విచక్షణ లేకుండా మందు చల్లితే మొదట పోయేది మిత్రుడు. ఆకుతొడుగులలో దాగిన గ్రుడ్లు తప్పించుకొని, పొదిగి, అడ్డం లేని సైన్యంవలె పెరుగుతాయి. మందు చల్లిన తరువాతనే దోమ మరింత ఉధృతం కావడంలోని రహస్యాలలో ఇది ఒకటి.

వీటిని గుర్తించే ఆనవాళ్లు లేకపోలేదు. మిరిడ్ నల్లి మీసాలు పొడవైనవి. పచ్చదీపపు పురుగు మీసాలు తెగిన వెంట్రుకలవలె పొట్టివి. సుడిదోమ వెనుకకాలి పిక్క చివర కదలాడే పెద్దముల్లు ఒకటి ఉంటుంది. భూతద్దం వీటిని ఒకసారికి ఒక కంటికే చూపుతుంది. ఛాయాచిత్రం తరగతికంతటికీ చూపుతుంది. అందుకు కావలసినది వస్తువును దాని నిజపరిమాణానికి మించి చిత్రించగల కటకం. క్రొత్త కటకాల ధర బడి ఉపాధ్యాయునికి అందుబాటులో ఉండదు. ఇక్కడనే పాతకటకం అక్కరకు వస్తుంది.

అక్షరం కోసం పుట్టిన అద్దం

1665లో రాబర్టు హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో తాను చూచిన ఈగను, పేనును పెద్దబొమ్మలుగా గీసి ప్రచురించి లోకాన్ని విస్మయపరచాడు. చేతికెమెరాకు దగ్గరిచూపు కటకం చాలా ఆలస్యంగా అమరింది. కిల్‌ఫిట్ సంస్థవారి మాక్రో-కిలార్ 1955లోను, జపానువారి మైక్రో-నిక్కోర్ 1956లోను వెలువడ్డాయి. రెండవదాని కథ భాషోపాధ్యాయులకు రుచించేది. జపాను లిపిలోని చిక్కని గీతల అక్షరాలను సూక్ష్మచిత్రాలుగా ఫిల్ముపై భద్రపరచబోతే నాటి కటకాలలో గీతలు అలుక్కుపోయేవి. ఆ కొరత తీర్చడానికే దానిని రూపొందించారు. అక్షరాన్ని కాపాడడానికి పుట్టిన అద్దం తరువాత పూలను, పురుగులను చూపింది.

జర్మనీవారి జైస్ లూమినార్, లైట్జ్ ఫోటార్ కటకాలు ఇంకొక అంతస్తువి. లూమినార్లు 16 మిల్లీమీటర్లు మొదలు 100 వరకు అయిదు నాభ్యంతరాలలో వచ్చేవి. ఇప్పుడు సంగ్రాహకుల మోజువల్ల వాటికి వెల పెరిగింది.

పేదవాని లూమినార్ ఒకటున్నది. ఫిల్ముల కాలంలో ఫోటో స్టూడియోల చీకటిగదులలో చిన్ననెగటివును పెద్దకాగితంపై పరచడానికి ఎన్లార్జర్లు ఉండేవి. డిజిటల్ కెమెరాలు వచ్చి ఆ గదులు మూతపడినా, ఎల్-నిక్కోర్, కంపోనన్ వంటి ఎన్లార్జరు కటకాలు పాతసామానులో మిగిలినవి. ఆ కటకానికి ఒకవైపు చిన్నది, మరొకవైపు పెద్దది ఉండడం అలవాటు. దానిని త్రిప్పి బిగిస్తే నెగటివు ఉండవలసిన వైపున పురుగు ఉంటుంది. కాగితం స్థానంలో కెమెరా ఫలకం ఉంటుంది. పాతవాహనాల మరలు, బోల్టులు పోగుచేసి తెనాలి శిల్పులు నిలువెత్తు విగ్రహాలు నిలుపుతున్నారు. పారవేసినదానికి ప్రాణం పోసే ఆ విద్యకు ఇదీ చెల్లెలే.

కొనేవారికి

పాతకటకం కొనడం పాతయిల్లు కొనడం వంటిది. సున్నం చూచి మోసపోరాదు. కటకం వెనుకనుండి టార్చిదీపం వేసి, ముందునుండి ఏటవాలుగా చూడవలెను. సాలెగూడువలె తీగలు కనిపిస్తే అది బూజు. సముద్రపుగాలి తగిలే బాపట్ల, రేపల్లె సీమలలో ఆ భయం మరింత ఎక్కువ. పొగ పట్టినట్లున్నా, అద్దాలను అతికిన జిగురు విడిపోయి అంచున మెరుపు కనిపించినా వదలుకొనడమే మేలు. నాలుగు ధూళికణాలకు భయపడనక్కరలేదు.

మరచుట్టు కొలత ముందే అడగవలెను. 50 మి.మీ. ఎన్లార్జరు కటకాలలో చాలావాటికి 39 మి.మీ. మరచుట్టు ఉంటుంది, చిన్న లూమినార్లకు సూక్ష్మదర్శిని కొలత, అనగా 20.32 మి.మీ. కటకం చవుకగా దొరికి, తగిన వలయమూ తిత్తీ దొరకకపోతే గుర్రం కన్న కళ్లెం బరువవుతుంది. కొన్నదానిని తేమ పీల్చే సిలికాజెల్ పొట్లంతో బిగుతుమూత డబ్బాలో దాచవలెను.

వాడేవారికి

కటకానికి, కెమెరాకు నడుమ కొలిమితిత్తివలె సాగే తిత్తి ఉండవలెను. 50 మి.మీ. కటకంతో మూడురెట్ల బొమ్మ కావలెనంటే కటకానికీ ఫలకానికీ నడుమ దూరం సుమారు 200 మి.మీ.; పురుగు దాదాపు 67 మి.మీ. ఎదుట ఉండవలెను. మూడు మిల్లీమీటర్ల దోమ ఫలకంపై తొమ్మిది మిల్లీమీటర్లవుతుంది. గణితం ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి అభ్యాసం దొరకదు.

కాని ఏ లాభమూ ఉచితం కాదు. మూడురెట్లు పెంచినప్పుడు ఫలకంపై వెలుగు పదహారోవంతుకు దిగుతుంది. కటకంపై 4 అని ఉన్న కాంతిరంధ్రం 16వలె పనిచేస్తుంది. ఇంకా బిగించితే కాంతి వివర్తనం చెంది బొమ్మ మసకబారుతుంది. స్పష్టత నిలిచే లోతు మిల్లీమీటరులో ఇంచుమించు పదోవంతు. కన్ను తేటపడితే కాలు మసక. అందువల్ల కెమెరాను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పదులకొద్దీ చిత్రాలు తీసి, కంప్యూటరులో వాటి తేటభాగాలను ఒక్కటిగా కూర్చవలెను. ఫ్లాష్ వెలుగుకు పలుచని కాగితం అడ్డుపెడితే మెరుపు మెత్తబడుతుంది. చేలో గాలికి ఆకు నిలువదు. దుబ్బును కుండీలో నాటి గదిలోకి తెచ్చుకొనడమే తెలివి.

ఇంత ఓపిక దేనికని అడిగేవారుంటారు. ఒక్కచిత్రం గోడపై నిలిస్తే, రైతుబిడ్డ పొడవైన మీసాలను, పొట్టి మీసాలను వేరుచేసి చూడడం నేర్చుకొంటాడు. సాయంత్రం తండ్రి మందుడబ్బా భుజాన వేసుకొనే వేళ, "నాన్నా, ఒక్కసారి దుబ్బు విప్పి చూద్దాం" అనగలుగుతాడు. ఆ ఒక్కమాటకు ఆగిన చేయి ఒక కాపలాదారును బ్రతికిస్తుంది. కర్ర ఎత్తే ముందు చూడడం నేర్పడమే చదువు. అందుకు తోడ్పడిన అద్దం పాతదైనా విలువ తగ్గదు.