ప్రతిదినము చెప్పుకొనవలసిన సంకల్పము

కొత్త సంవత్సరము వచ్చినదనగానే, హసన్‌పర్తి నుండి ఎర్రగట్టు గుట్ట మీదుగా హనుమకొండకు పోవు బాటపై, మంచు విడకమునుపే నడకకును పరుగునకును బయలుదేరువారు పెక్కుమంది కానవత్తురు. పోటీ పరీక్షల పుస్తకములు కొని తెచ్చుకొన్నవారును, పొగాకు ముట్టబోమని ఇంట మాట యిచ్చినవారును మరెందరో. ఆ ఉత్సాహము సంక్రాంతి దాటి నిలుచుట అరుదు. పిండివంటలో, జలుబో, చుట్టముల పెండ్లియో అడ్డుపడి నాలుగునాళ్లు తప్పినంతనే, ఈ యేటికింతే యని తీర్పు చెప్పుకొందురు. తప్పిన నాళ్లకు నేను చింతింపను. ఆ తీర్పునకు చింతింతును. అట్టి తీర్పు చెప్పుకొనని యొక పరుగుకత్తె మాట వినుడు.

ఈ ఓరుగల్లు సీమలోనే, పర్వతగిరి మండలమందలి కల్లెడ గ్రామమున, కూలినాలి చేసి బ్రతుకు దంపతులకు 2003లో దీప్తి జీవాంజి జన్మించినది. బుద్ధివికాసమున పుట్టుకతో వచ్చిన లోపముచే ఆ బిడ్డ ఊరివారి ఎగతాళికి గురియైనది. శిక్షకుడు నాగపురి రమేశ్ చేతిలో పడిన పిమ్మట, 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడలలో స్వర్ణము గెలిచి, 2024 మే నెలలో జపాను దేశపు కోబె నగరమున 400 మీటర్ల టీ20 (బుద్ధివికాస లోపము గలవారి) పరుగును 55.07 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డు నెలకొల్పినది.

కథ ఇచటనే ముగిసియుండినచో వినుటకు సుఖముగా నుండెడిది. నాలుగు నెలలు గడువకమునుపే పారిస్ పారాలింపిక్స్‌లో టర్కీ దేశపు ఐసెల్ ఓండర్ ఆ రికార్డును దాటినది. తుదిపోరులో దీప్తి 55.82 సెకన్లతో మూడవ స్థానమున నిలిచినది. కాంస్యమునకు దేశమంతయు సంతోషించినది, సంతోషింపదగినదే. ఐనను తన రికార్డుకంటె తానే ముప్పాతిక సెకను వెనుకబడిన సంగతి గడియారము దాచదు.

నాలుగువందల మీటర్లనగా మైదానమునకు ఒక పూర్తి చుట్టు. తొలి సగమున దేహము చెప్పినట్లు వినును. చివరి మలుపు దాటి తిన్నని బాటకు వచ్చుసరికి తొడలు బరువెక్కి, భుజములు బిగిసి, ఊపిరి చాలక, అడుగు తనంతట తానే కురుచయగును. ముప్పాతిక సెకను జారిపోవునది అక్కడనే. దానిని తిరిగి సంపాదించుటకు నెలల తరబడి పాటుపడవలెను. 2025 జనవరిలో అర్జున పురస్కారమందుకొన్న దీప్తి, ఆ యేటనే ఢిల్లీలో జరిగిన ప్రపంచ పారా పోటీలలో 55.16 సెకన్లలో పరుగు ముగించి రజతము గైకొన్నది. స్వర్ణము రాలేదు, రికార్డును మరల రాలేదు; కాని పోయిన 0.75 సెకనులో 0.66 చేజిక్కినది. ఈ చిన్న లెక్క నాకు కోబె రికార్డుకంటె మిన్నగా తోచుచున్నది.

వెనుకబడిన పిమ్మట మరల మొదలిడు ఈ రీతి మనకు కొత్తది కాదు. మన యిండ్లలో పూజకు కూర్చున్నవాడు సంకల్పము చెప్పుకొనునప్పుడు సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము వరుసగా పేర్కొనును. నిన్నటి సంకల్పము నేటి పూజకు చెల్లదు. ఉగాదినాడు చెప్పితిని గదా యని ఎవడును ఊరకుండడు. నడుమ పది దినములు పూజ తప్పినవాడును ఆ పదింటికి లెక్క యొప్పజెప్పనక్కరలేదు. నేటి తిథి చెప్పి మొదలిడిన చాలును. పెద్దలు ఏర్పరచిన ఈ వెసులుబాటును మనము దేవుని గదిలోనే వదలి, చదువునకును వ్యాయామమునకును వర్తింపజేయకుండుట పొరపాటు.

కావున జనవరిలో పూని విడిచిన పని మీకేదైన నుండినచో, వచ్చు సంవత్సరమునకును ఆగవలదు, వచ్చు సోమవారమునకును ఆగవలదు. రేపటి తిథి యేదైనను సరే, దానిని చెప్పుకొని మొదలిడుడు.