తల్లికి ఉన్నా బిడ్డకు రాకుండా: హెచ్‌ఐవీపై మన దేశం సాధించింది, ఇంకా సాధించాల్సింది



డిసెంబర్ 1 ప్రపంచ ఎయిడ్స్ దినం. ఆ రోజు స్కూల్ అసెంబ్లీలో ఎర్ర రిబ్బన్ పెట్టుకున్న మీ అమ్మాయో అబ్బాయో సాయంత్రం ఇంటికి వచ్చి, "అమ్మా, చిన్నపిల్లలకి హెచ్‌ఐవీ ఎలా వస్తుంది?" అని అడిగితే ఏం చెబుతారు? మనలో చాలామందిమి మాట మార్చేస్తాం. "అవన్నీ నీకెందుకు, ముందు హోంవర్క్ చేసుకో" అంటాం.

ఆ ప్రశ్నకు జవాబు మనం అనుకున్నంత ఇబ్బందికరమైనది కాదు. చిన్నపిల్లల్లో హెచ్‌ఐవీ దాదాపుగా తల్లి నుంచి సంక్రమించినదే. దాన్ని ఆపడానికి మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అవి ఉచితంగానే దొరుకుతాయి. గత ఇరవై ఏళ్లలో మన దేశ ప్రజారోగ్యంలో వచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి. అయితే ఆ పని ఇంకా పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో తెలుసుకోవడం తల్లిదండ్రులుగా మనకూ అవసరమే.

బిడ్డకు ఎప్పుడు సోకుతుంది?

తల్లికి హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన బిడ్డకు తప్పకుండా వస్తుందని అనుకోవడం పొరపాటు. ఏ చికిత్సా తీసుకోకపోయినా అలాంటి తల్లులకు పుట్టే ప్రతి వంద మంది పిల్లల్లో 15 నుంచి 45 మందికి మాత్రమే సోకుతుంది. సరైన చికిత్స సకాలంలో అందితే, తల్లిపాలు తాగే పిల్లల్లో కూడా ఆ సంఖ్యను ఐదు కంటే తక్కువకు తేవచ్చు.

వైరస్ బిడ్డను చేరే అవకాశం మూడు దశల్లో ఉంటుంది: గర్భంలో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో, తల్లిపాలు తాగే నెలల్లో. కాన్పు వేళ తల్లి రక్తం, స్రావాలు బిడ్డకు తగులుతాయి కనుక ఆ కొద్ది గంటల్లోనే ముప్పు ఎక్కువ. తల్లి రక్తంలో వైరస్ ఎంత తక్కువగా ఉంటే మూడు దశల్లోనూ ముప్పు అంత తగ్గుతుంది. చికిత్స అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఫ్రాన్స్‌లో 2000 నుంచి 2011 వరకు జరిగిన కాన్పులపై చేసిన అధ్యయనం దీనికి గట్టి రుజువు. గర్భం దాల్చకముందే మందులు మొదలుపెట్టి, ఆపకుండా వాడి, కాన్పు నాటికి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన తల్లులకు పుట్టిన 2,651 మంది శిశువుల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. వారు తల్లిపాలు తాగని పిల్లలన్నది గుర్తుంచుకోవాలి.

మీ పిల్లల తరగతుల్లోనే ఉన్న చరిత్ర

మన దేశంలో హెచ్‌ఐవీని మొదటిసారి 1986లో చెన్నైలో గుర్తించారు. మీలో చాలామంది అప్పటికి పసిపిల్లలు, కొందరు ఇంకా పుట్టి ఉండరు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే న్యాకో ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో హెచ్‌ఐవీ తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి.

1994లో అమెరికా, ఫ్రాన్స్‌లలో జరిగిన ఒక పరీక్ష ఆశలు రేపింది. గర్భిణికీ, పుట్టిన బిడ్డకూ జిడోవుడిన్ అనే మందు ఇస్తే బిడ్డకు సోకే అవకాశం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి పడిపోయింది. అయితే అది నెలల తరబడి సాగే ఖరీదైన చికిత్స. 1999లో ఉగాండాలో జరిగిన పరీక్ష పేద దేశాలకు దారి చూపింది. నొప్పులు మొదలవగానే తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు కొద్దిగా సిరప్. అంతే, ముప్పు దాదాపు సగానికి తగ్గింది. ఈ పద్ధతితోనే 2002లో మన దేశంలో కార్యక్రమం మొదలైంది. 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచిత ఏఆర్‌టీ మందులు కూడా వచ్చాయి. ఆ తొలి విడత రాష్ట్రాల్లో మనదీ ఉంది.

ఇక మీ పిల్లలు పుట్టిన ఏళ్లతో పోల్చి చూడండి.

• పదో తరగతి పిల్లలు 2010 ప్రాంతంలో పుట్టారు. అప్పటికి ఎక్కువమంది హెచ్‌ఐవీ గర్భిణులకు కాన్పు సమయంలో ఇచ్చే ఆ ఒక్క నెవిరపిన్ మాత్రే ఆధారం. పాలిచ్చే నెలల్లో రక్షణ అంతంతమాత్రం.

• ఆరో తరగతి పిల్లలు 2014 ప్రాంతం వారు. ఆ ఏడాది జనవరి 1 నుంచి విధానం పూర్తిగా మారింది. గర్భిణికి హెచ్‌ఐవీ ఉందని తేలితే, ఆమె రోగనిరోధక శక్తి ఎంత ఉందన్న లెక్కతో పని లేకుండా, మూడు మందుల చికిత్సను వెంటనే మొదలుపెట్టి జీవితాంతం ఇవ్వాలన్నారు. అసలు మలుపు ఇదే. బిడ్డను కాపాడే మందే తల్లి ప్రాణాన్నీ నిలబెడుతుంది.

• మూడో తరగతి పిల్లలు పుట్టిన 2017లో, హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స అనే విధానం వచ్చింది. దీంతో చాలామంది మహిళలు గర్భం దాల్చే నాటికే మందుల మీద ఉంటున్నారు.

• ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు పుట్టిన కాలానికి డొల్యూటెగ్రావిర్ ఉన్న మాత్ర వచ్చింది. రోజుకు ఒకటి చాలు. రక్తంలో వైరస్‌ను ఇది త్వరగా తగ్గిస్తుంది కనుక, గర్భం నెలలు నిండాక ఆలస్యంగా వచ్చిన తల్లికీ మేలు చేస్తుంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2010తో పోలిస్తే 2024 నాటికి దేశంలో కొత్త హెచ్‌ఐవీ కేసులు 48.7 శాతం, ఎయిడ్స్ మరణాలు 81.4 శాతం, తల్లి నుంచి బిడ్డకు సంక్రమణ 74.6 శాతం తగ్గాయని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. అంటే బిడ్డలకు సోకడం ముప్పాతిక వంతు తగ్గింది. ఇందుకు కారణాలు రెండు. హెచ్‌ఐవీ సోకే మహిళలే తగ్గారు, సోకినవారికి మందులు బాగా అందాయి.

అయినా ఏటా 20 వేల మందికి పైగా హెచ్‌ఐవీ ఉన్న మహిళలు గర్భం దాలుస్తున్నారని 2021 అంచనా. వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారి శాతం దేశ సగటు కంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఎక్కువే. కాబట్టి ఇది మనకు దూరపు విషయమేమీ కాదు.

ఒక దేశం ఈ సంక్రమణను నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించాలంటే, పిల్లలు తల్లిపాలు తాగే చోట ఆ రేటు 5 శాతం కంటే తగ్గాలి. 2015లో క్యూబా, 2016లో థాయిలాండ్, 2018లో మలేసియా, 2019లో మన పొరుగున ఉన్న శ్రీలంక ఆ గుర్తింపు పొందాయి. మన దేశం ఇంకా పొందలేదు.

మందులున్నా సున్నా ఎందుకు కాలేదు?

దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. హెచ్‌ఐవీ ఉన్న వంద మంది గర్భిణులు నాలుగు మెట్లు ఎక్కాలనుకోండి: పరీక్ష చేయించుకోవడం, మందులు మొదలుపెట్టడం, కాన్పు దాకా వాడటం, పాలిచ్చినంత కాలం కొనసాగించడం. ఒక్కో మెట్టు దగ్గర పది మందిలో ఒక్కరే జారిపోయినా చివరికి మిగిలేది సుమారు 66 మంది. ప్రతి మెట్టులోనూ 90 మార్కులు తెచ్చుకున్నా ఫలితం ఫస్ట్ క్లాస్ దాటదు.

ఎక్కడెక్కడ జారిపోతున్నారు? మొదటిది, పరీక్ష. 2019 సర్వేలో దేశవ్యాప్తంగా గర్భిణుల్లో హెచ్‌ఐవీ 0.24 శాతం, అంటే సుమారు 400 మందికి ఒకరు. ఆ ఒక్కరినీ కనిపెట్టాలంటే 400 మందికీ పరీక్ష చేయాలి. "మా ఇంటి కోడలికి అలాంటి టెస్టా?" అనే మాట ఇక్కడే అడ్డుపడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేవారి లెక్క దొరుకుతుంది కానీ, ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లకు వెళ్లేవారందరి వివరాలూ కార్యక్రమానికి చేరవు.

రెండోది, మనకు బాగా తెలిసిన ఆచారం. కోడలు మెట్టినింట హైదరాబాద్‌లో చికిత్స మొదలుపెట్టి, ఏడో నెలలో పుట్టింటికి రాజమండ్రి వెళ్లిందనుకోండి. మందులు ఏ కేంద్రంలో తీసుకోవాలి? పుట్టింట్లో ఎంతమందికి చెప్పాలి? బిడ్డ పుట్టాక మళ్లీ హైదరాబాద్ వస్తే బిడ్డ పరీక్షలు ఎవరు గుర్తుచేస్తారు? బదిలీ కాగితం చేతిలో లేకపోతే, ఇంట్లో చెప్పే ధైర్యం లేకపోతే, మాత్ర ఆగిపోవడానికి ఈ ఒక్క ప్రయాణం చాలు.

మూడోది, మొదటి పరీక్షలో లేదని వచ్చి, ఆ తర్వాత గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో వైరస్ సోకడం. కొత్తగా సోకినప్పుడు రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది కనుక బిడ్డకు ముప్పూ ఎక్కువే. అందుకే భర్తకూ పరీక్ష చేయించాలని, అవసరమైతే గర్భిణికి మరోసారి చేయించాలని వైద్యులు చెబుతారు.

పుట్టాక మొదటి 18 నెలలు

హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు పుట్టగానే మందు సిరప్ మొదలుపెడతారు. దాన్ని సాధారణంగా ఆరు వారాలు, ముప్పు ఎక్కువగా ఉంటే పన్నెండు వారాలు ఇస్తారు. ఆరు వారాలకు మడమ దగ్గర సూదితో గుచ్చి, రక్తపు చుక్కలను ఒక కార్డు మీద తీసుకుని ల్యాబ్‌కు పంపుతారు. మామూలు యాంటీబాడీ పరీక్ష అప్పుడు నమ్మదగినది కాదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో చాలా నెలలు ఉంటాయి. అందుకే చివరి నిర్ధారణకు 18 నెలలు ఆగుతారు.

తల్లి మందులు వాడుతూ ఉంటే మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వవచ్చు. కానీ తల్లిపాలతోపాటు తేనె, పంచదార నీళ్లు, డబ్బాపాలు కలిపి పట్టడం మంచిది కాదు. అవి పసిపేగు లోపలి పొరను దెబ్బతీసి వైరస్‌కు దారి ఇస్తాయి. పెద్దవాళ్లు ప్రేమతో నాకించే తేనె చుక్క ఇక్కడ హాని చేస్తుంది.

పరీక్ష ఆలస్యం కాకూడదు. హెచ్‌ఐవీ సోకిన శిశువుకు చికిత్స అందకపోతే రెండో పుట్టినరోజు చూడకుండానే చనిపోయే అవకాశం సగానికి సగం. చికిత్స అందితే ఆ బిడ్డ అందరిలాగే బడికి వస్తుంది, ఆడుతుంది, పరీక్షలు రాస్తుంది.

ఇది బడిలో మనకెందుకు?

ఎందుకంటే ఆ పిల్లలు బడికి వస్తారు. ఏ క్లాసులోనైనా హెచ్‌ఐవీ ఉండి మాత్రలు వేసుకుంటున్న బిడ్డ ఉండవచ్చు. తల్లికి ఉన్నా తనకు సోకని బిడ్డ కూడా ఉండవచ్చు. ఎవరన్నది మనకు తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. పక్కపక్కన కూర్చుంటే, టిఫిన్ పంచుకుంటే, ఒకే వాటర్ బాటిల్ తాగితే, దోమ కుడితే హెచ్‌ఐవీ రాదు. ఆటలో ఎవరికి దెబ్బ తగిలి రక్తం వచ్చినా గ్లవ్స్ వేసుకునే ప్రథమ చికిత్స చేయాలి. ఈ నియమం అందరు పిల్లలకూ ఒక్కటే.

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, హెచ్‌ఐవీ ఉందని ఏ బిడ్డకూ చదువు నిరాకరించకూడదు. అడ్మిషన్‌కు హెచ్‌ఐవీ పరీక్ష అడగకూడదు. వంద మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలి. హెచ్‌ఐవీ ఉన్నవారిపై ద్వేషం రెచ్చగొట్టేలా రాతలు రాసినా, ప్రచారం చేసినా మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒక బిడ్డ ఆరోగ్యం గురించి వచ్చిన పుకారును ఫార్వర్డ్ చేసే ముందు ఇది గుర్తుంచుకోండి.

మీరు చేయగలిగినవి

• మీ ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే మొదటి మూడు నెలల్లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించండి. ప్రైవేటు ఆసుపత్రిలో అయితే అవి రిపోర్టులో ఉన్నాయో లేదో మీరే చూసుకోండి.
• భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి. ఇందులో అనుమానానికి తావు లేదు, ఇది జాగ్రత్త.
• ఇంట్లో పని చేసే అమ్మాయి, డ్రైవర్ భార్య, వాచ్‌మన్ కోడలు గర్భంతో ఉంటే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితమని చెప్పండి. ఫలితం గోప్యంగా ఉంచుతారని కూడా చెప్పండి.
• సందేహాలకు న్యాకో ఉచిత హెల్ప్‌లైన్ 1097.

ఈ డిసెంబర్‌లో మీ బిడ్డ ఆ ప్రశ్న అడిగితే ఇలా చెప్పండి: "అమ్మ దగ్గర్నుంచి పాపాయికి రావచ్చు నాన్నా. కానీ అమ్మ రోజూ మాత్ర వేసుకుంటే రాకుండా ఆపొచ్చు. అలా మాత్ర వేసుకునే అమ్మని ఎవరూ చిన్నచూపు చూడకూడదు." ఎనిమిదేళ్ల బిడ్డకు ఇది చాలు. మాత్ర దాచుకోవాల్సిన అవసరం లేని ఇల్లూ, వీధీ, బడీ ఉంటే ఏ తల్లీ మధ్యలో ఆపదు. అలాంటి బడిని తయారు చేయడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.