నెట్‌కి ఏది గుమ్మం? ఉత్తరాలకి ఏది పెట్టె?

కంప్యూటరు కొనాలంటే పది షాపులు తిరుగుతారు. మెమరీ ఎంత, గ్యారంటీ ఎన్నేళ్లు అని గుచ్చిగుచ్చి అడుగుతారు. తీరా ఇంటికి తెచ్చాక బ్రౌజర్‌, మెయిల్‌ దగ్గరికొచ్చేసరికి... అందులో ఏదుంటే అదే! రోజూ వాడేది మాత్రం వాటినే. మరి ఎంచుకోవడం ఎలా?

ఉస్మానియా పరీక్షల ఫలితాలు వచ్చాయంటే చాలు, క్యాంపస్‌ హాస్టళ్లలో, తార్నాక వీధుల్లోని ఇళ్లలో అందరి చూపూ ఒకే వెబ్‌సైట్‌ మీద. హాల్‌టికెట్‌ నెంబరు కొట్టి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. అలాంటి ఇంట్లోనే తాతయ్య పింఛను తాలూకు మెయిల్‌ కోసం వెతుకుతుంటారు. నాయనమ్మ అమెరికాలోని మనవరాలి ఫొటోల కోసం ఎదురుచూస్తుంటుంది. ముగ్గురూ వెళ్లేది ఒకే గుమ్మంలోంచి. అదే బ్రౌజర్‌.

‘తార్‌’ అంటే తీగ, ‘నాకా’ అంటే కావలి చౌకీ. తీగ కంచె దగ్గర చౌకీ ఉండేది కాబట్టి తార్నాక అయిందని చెబుతారు. ఇంట్లోకి వచ్చే నెట్‌కీ అలాంటి నాకా ఒకటి ఉండాల్సిందే.

తెలుగు కనిపించిందే బ్రౌజర్‌

మనదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్‌ అందడం 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్‌తో మొదలైంది. ఇళ్లలోకి అది ఫోను లైను మీదే వచ్చింది. మోడెమ్‌ కీచుకీచుమని అరిచి అరిచి కలిసేది. ఒకరు నెట్‌లో ఉన్నంతసేపూ ఇంటికి ఫోను రాదు!

అప్పట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారివే. ఇంటర్నెట్‌ ఎక్స్‌ప్లోరర్‌లో అయితే ఫాంటు దానంతటదే దిగి అక్షరాలు చక్కగా కనిపించేవి. వేరే బ్రౌజర్లలో చాలాసార్లు అవే వార్తలు అర్థంకాని గుర్తులుగా వచ్చేవి. దాంతో తెలుగు ఇళ్లకు ఎక్స్‌ప్లోరరే దిక్కయింది.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్‌ తొలి వెర్షన్‌ వచ్చింది. దానికోసం నాగార్జున వెన్న ‘పద్మ’ అనే చిన్న అనుబంధాన్ని తయారుచేశారు. పాత ఫాంట్లలోని వార్తలను అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేసేది. ఏ కంపెనీ కంప్యూటరైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి యూనికోడ్‌. తర్వాత పత్రికలూ ఆ బాటే పట్టాయి. ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌ 15న మైక్రోసాఫ్ట్‌ మద్దతు ఆపేసింది. అయినా తెలుగుకు ఏ లోటూ రాలేదు. ఎందుకంటే అప్పటికే మన అక్షరాలు ఒక్క కంపెనీని నమ్ముకుని లేవు. బ్రౌజరైనా మెయిలైనా ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే.

పేర్లు వేరు... లోపల ఒకటే

ఇప్పుడు క్రోమ్‌, ఎడ్జ్‌, బ్రేవ్‌, ఒపేరా అని చాలా పేర్లు వినిపిస్తాయి. ఈ నాలుగింటికీ లోపలి యంత్రాంగం ఒకటే, క్రోమియం. ఫైర్‌ఫాక్స్‌ది వేరు. యాపిల్‌ వారి సఫారీది వేరు. కాబట్టి ‘ఏది గొప్ప?’ అన్న వాదన కన్నా ‘ఎలా వాడుతున్నాం?’ అన్నదే ముఖ్యం.

ఇంట్లో రెండు బ్రౌజర్లు పెట్టుకోవడం మంచి పద్ధతి. ఒకటి బ్యాంకుకీ, ఫీజులకీ, పింఛను పనులకీ. అందులో అనవసరమైన అనుబంధాలేవీ ఉండకూడదు. రెండోది సినిమా కబుర్లకీ, పాటలకీ, ఆటలకీ. ఏదైనా సరే, తయారుచేసినవారి సైట్‌ నుంచే దించుకోవాలి. అప్‌డేట్‌ అడిగితే వాయిదా వేయకూడదు. దొంగలు దూరే కంతలు పూడ్చేది అదే మరి.

వెబ్‌సైట్‌ చిరునామా చదవడం పిల్లలకూ పెద్దలకూ అలవాటు కావాలి. ఉస్మానియా సైట్‌ చిరునామా ‘ఏసీ డాట్‌ ఇన్‌’తో ముగుస్తుంది. ఆ తోక విద్యా, పరిశోధన సంస్థలకే ఇస్తారు. ఫలితాల పేరుతో వేరే తోకతో కనిపించే సైట్లలో వివరాలు నింపే ముందు ఆలోచించాలి. పక్కన తాళం బొమ్మ ఉన్నంత మాత్రాన సైట్‌ నిజమైనదని కాదు. దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే దానర్థం.

లైబ్రరీలోనో, నెట్‌ సెంటర్‌లోనో అందరూ వాడే కంప్యూటరైతే ప్రైవేట్‌ విండో తెరవాలి. పనయ్యాక సైన్‌ అవుట్‌ చేసి, ఆ విండో మూసేయాలి. పాస్‌వర్డ్‌ గుర్తుపెట్టుకోమంటావా అని అడిగితే వద్దనాలి.

సీ డ్రైవ్‌తో పోయిన ఉత్తరాలు

ఇక మెయిల్‌. విండోస్‌తో పాటు వచ్చిన అవుట్‌లుక్‌ ఎక్స్‌ప్రెస్‌ ఒకప్పుడు చాలా ఇళ్లలో వాడారు. అది మెయిళ్లను సర్వర్‌ నుంచి ఇంటి కంప్యూటర్లోకి దించేది. ‘ఒక కాపీ అక్కడే ఉంచు’ అన్న గడిలో టిక్‌ పెట్టకపోతే సర్వర్‌లో ఏమీ మిగిలేది కాదు. ఎప్పుడో వైరస్‌ వచ్చేది. మెకానిక్‌ వచ్చి సీ డ్రైవ్‌ ఫార్మాట్‌ కొట్టేవాడు. కంప్యూటరు కొత్తదానిలా పరుగెత్తేది... కొడుకు విదేశాల నుంచి ఏళ్ల తరబడి రాసిన ఉత్తరాలు మాత్రం ఉండేవి కావు!

అది పాప్‌ పద్ధతి. ఇప్పుడు ఐమ్యాప్‌ పద్ధతిలో సర్వర్‌లోనూ, ఇంటి కంప్యూటర్లోనూ, ఫోనులోనూ అవే మెయిళ్లు కనిపిస్తాయి. థండర్‌బర్డ్‌ లాంటి ఉచిత ప్రోగ్రాంలో రెండు మూడు ఖాతాలను ఒకేచోట చూసుకోవచ్చు. ఒకటే ఖాతా ఉంటే బ్రౌజర్లో చూసుకున్నా చాలు.

చిరునామా ఎంపికలో మాత్రం జాగ్రత్త. కాలేజీ ఇచ్చిన మెయిల్‌ చదువయ్యాక ఉండకపోవచ్చు. నెట్‌ కంపెనీ ఇచ్చింది కనెక్షన్‌ మారితే పోవచ్చు. బ్యాంకు, పింఛను, సర్టిఫికెట్ల పనులకు సొంత చిరునామానే ఇవ్వాలి. 2004లో జీమెయిల్‌ 1 జీబీ ఇస్తానంటే అందరూ నోరెళ్లబెట్టారు. ఇప్పుడిచ్చే 15 జీబీ ఫొటోలతోనే నిండిపోతోంది. నిండితే కొత్త మెయిల్‌ రాదు. ఇంటర్వ్యూ కబురైనా అంతే!

ఇంకోటి. రెండేళ్లు అసలు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధన గూగుల్‌ 2023లో తెచ్చింది. పెద్దాయన పోయాక ఆయన మెయిల్‌ ఎవరూ తెరవకపోతే అందులోని ఉత్తరాలూ ఫొటోలూ ఆయనతోనే వెళ్లిపోతాయి.

ఈ ఆదివారం చేయాల్సినవి

* మెయిల్‌ ఖాతాలో ఉన్న ఫోను నెంబరు ఇప్పుడు వాడుతున్నదేనా? చూసుకోండి.

* పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం, అంటే టూ స్టెప్‌ వెరిఫికేషన్‌ పెట్టండి.

* ముఖ్యమైన మెయిళ్లను ఏడాదికోసారి వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి.

* తమ తర్వాత ఖాతాలోని వివరాలు ఎవరికి అందాలో పెద్దవాళ్లు ముందే రాసిపెట్టవచ్చు. గూగుల్‌లో ఆ ఏర్పాటు ఉంది. అడిగి చేయించండి.

* మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్‌ చేయండి.

పిల్లలకు పది నిమిషాల పని. నాయనమ్మ ఫొటోలు, తాతయ్య ఉత్తరాలు... అన్నీ పదిలం.