నాటకం నుంచి టాకీకి: కొన్ని విశేషాలు

మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చాలాకాలం చెప్పుకున్నాం. పాత కాగితాలు తిరగేస్తే అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. అదీ మొదట బొంబాయిలో! దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి కథ కోసం వెతుక్కోలేదు. సురభి నాటక సమాజంవారు ఊరూరా ఆడుతున్న నాటకాన్నే తెరకెక్కించారు. లీలావతిగా సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య. అందులో చదువు ఒంటబట్టని మొద్దు శిష్యుడెవరో తెలుసా? ఎల్.వి.ప్రసాద్. హిందీ తొలి టాకీ ‘ఆలం ఆరా’లోనూ, తమిళ ‘కాళిదాస్’లోనూ ఆయన ఉన్నారు.

ఆ ‘ఆలం ఆరా’ కూడా జోసెఫ్ డేవిడ్ రాసిన పార్సీ నాటకమే. 1932లో మదన్ థియేటర్స్ వారు తీసిన ‘ఇంద్రసభ’ 19వ శతాబ్దపు లక్నో నాటకం. అందులో పాటలు 70 దాకా ఉన్నాయంటారు. ప్రేక్షకుల ఓపికకు దండం పెట్టాలి.

అప్పటికింకా ప్లేబ్యాక్ లేదు. నటుడు కెమెరా ముందు పద్యం ఎత్తుకుంటే, హార్మోనియం, తబలావాళ్లు ఫ్రేములో పడకుండా పక్కనే నక్కి వాయించాలి. రాగం తీస్తూ మైకుకు దూరం జరిగితే టేకు మళ్లీ మొదటికి! ఆఖరి వరుసదాకా వినబడేలా పాడిన గొంతులకు అదో శిక్ష. ‘వన్స్‌మోర్’ అనే జనమూ ఎదురుగా ఉండరాయె.

1936లో ఒకే కథతో రెండు సినిమాలు ఢీకొన్నాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు సాక్షాత్తూ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో ఆ వేషం యడవల్లి సూర్యనారాయణది, కృష్ణుడు సీఎస్సార్, ద్రౌపది కన్నాంబ. గెలిచింది రెండోదే. రంగస్థలంపై ఎంత పేరున్నా తెర దగ్గర లెక్క వేరు.

నాటకాల నుంచి వచ్చిన టాకీల్లో నా ఓటు మాత్రం ‘వరవిక్రయం’ (1939)కే. కాళ్లకూరి నారాయణరావు కట్నాల మీద రాసిన నాటకాన్ని సి.పుల్లయ్య తీశారు. పిసినారి సింగరాజు లింగరాజుగా నటించింది ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవి. కాళింది వేషంతో పరిచయమైన అమ్మాయి భానుమతి.

‘ఆలం ఆరా’ ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. అలాంటి సినిమాలకు ఆనవాళ్లుగా, ఆనాటి సినిమాహాళ్లలో అమ్మిన పాటల పుస్తకాలు మీ తాతల పెట్టెల్లో ఉంటే, దయచేసి పాతపేపర్లవాడికి వేయకండి.