ఓడినా ఇంకా మ్యాచ్ ఉంది!

మా బెజవాడలో 'గ్రూపు' అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పిల్ల టెన్త్ పాసైందని తెలిస్తే చాలు, ఎదురింటావిడ దగ్గర్నుంచి కూరలబండి అతని దాకా "ఏ గ్రూపు తీసుకుంటోందండీ?" అనే అడుగుతారు. ఎంపీసీయా, బైపీసీయా అని. సీఈసీ అన్నామా, పాపం అన్నట్టు ఓ చూపు చూసి మాట మార్చేస్తారు. నాకు నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా గ్రూపంటే అదొక్కటే తెలుసు. ఇంకో రకం గ్రూపు ఉందని, అందులో నాలుగు ఫుట్‌బాల్ జట్లుంటాయని మా అమ్మాయి వల్ల తెలిసింది.

2019 సెప్టెంబర్‌లో ఓ రాత్రి. ఒంటిగంట దాటింది. మంచినీళ్ళకని లేస్తే అమ్మాయి గదిలో నీలంగా వెలుతురు. దుప్పటి ముసుగులో ఫోన్ చూస్తోంది. పదహారేళ్ళ పిల్ల అర్ధరాత్రి ఫోన్ పట్టుకుంటే తల్లి మనసు ఎక్కడెక్కడికి పోతుందో మీకు తెలియంది కాదు. గుండె ఝల్లుమంది. చప్పుడు చేయకుండా వెళ్ళి దుప్పటి లాగాను. ఫోన్‌లో పచ్చటి గడ్డి, పరిగెత్తే మగపిల్లలు, మూలన 4-0 అని అంకెలు.

"ఫుట్‌బాలమ్మా" అంది, దొంగతనం చేసి దొరికినదానిలా.

తిట్టలేదు. తిట్టే ధైర్యం నాకప్పుడు లేదు. ఎందుకో చెప్పాలి.

ఆ జూన్‌లోనే దాన్ని హాస్టల్ ఉన్న ఓ జూనియర్ కాలేజీలో ఎంపీసీలో వేశాం. వారం వారం పరీక్ష. ఆ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేస్తారు, జాబితా గోడకి అంటిస్తారు. టెన్త్‌లో క్లాసు ఫస్టొచ్చిన పిల్ల రెండు నెలలు తిరక్కుండా పై సెక్షన్ నుంచి మూడో సెక్షన్‌కి దిగిపోయింది. ఒకసారి దిగినవాళ్ళు మళ్ళీ పైకి వెళ్ళడం తను చూళ్ళేదట. వినాయక చవితికి ఇంటికొచ్చి పత్రి సర్దుతూ సర్దుతూ "నేను మళ్ళీ వెళ్ళను" అంది. అంతే, వారం రోజులు మాటల్లేవు, సరిగ్గా తిండి లేదు. మన ఊళ్ళో ఇంటర్ పిల్లల గురించి పేపర్లలో అప్పుడప్పుడూ ఎలాంటి వార్తలు వస్తాయో మీరూ చదివే ఉంటారు. మావారికి తెలియకుండా వడ్రంగిని పిలిపించి దాని గది తలుపుకి లోపలి గడియ తీయించేశాను. పగలు పక్కింటివాళ్ళతో నవ్వుతూ మాట్లాడటం, రాత్రి ఆ గుమ్మం దగ్గర చాప వేసుకోవడం. కట్టిన ఫీజు కట్టినట్టే పోయింది. మావారు తిరగని చోటు లేకుండా తిరిగి ఇంటి దగ్గరే ఓ చిన్న కాలేజీలో చేర్చారు.

అలాంటి పిల్ల ఏదో ఒకటి ఇష్టంగా చూస్తోంటే లాక్కునేదెలా? పక్కన కూర్చున్నాను. "నాలుగు గోల్స్ కొట్టింది మీవాళ్ళేనా?" అన్నాను. "కాదమ్మా, తిన్నవాళ్ళు" అంది.

ఆ ఓడిపోతున్న జట్టు పేరు అటలాంటా. ఇటలీలో బెర్గామో అనే ఊరిది. జనాభాలో ఇంచుమించు మన గుడివాడంత ఊరు. యూరప్‌లో ఏటా దేశదేశాల పెద్ద క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్‌లోకి రావడం వాళ్ళకదే మొదటిసారి. అటలాంటా అంటే గ్రీకు పురాణాల్లో పరుగు పందెంలో మగవాళ్ళని ఓడించిన కన్య అట. జట్టు గుర్తు మీద ఆమె ముఖమే ఉంటుంది. అక్కడి జనం జట్టుని 'దేవత' అని పిలుచుకుంటారు. ఆ దేవతకి తొలి మ్యాచ్‌లోనే క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో డైనమో జట్టు చేతిలో 4-0తో భంగపాటు.

"అయితే అయిపోయినట్టేగా?" అన్నాను. నాకు తెలిసిన పోటీ అలాంటిది మరి. సంక్రాంతికి మా పుట్టింటివైపు కోడిపందేలు చూస్తూ పెరిగినదాన్ని. ఓడిన కోడి సాయంత్రానికి కూరలోకి పోతుంది.

"కాదమ్మా, ఇది గ్రూప్ స్టేజ్. ఇంకా అయిదు మ్యాచ్‌లున్నాయి" అంది. నెల రోజుల్లో అదే మొదటిసారి అది నాకేదైనా విడమరచి చెప్పడం. గోడమీది క్యాలెండర్ పాత కాగితం చించి, వెనకవైపు గీతలు గీసింది. 32 జట్లు. నాలుగేసి చొప్పున ఎనిమిది గ్రూపులు. గ్రూపులో ఒక్కో జట్టు మిగతా మూడింటితో రెండేసి సార్లు, తన ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి ఆడాలి. మొత్తం ఆరు. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా. చివరికి మొదటి ఇద్దరూ ముందుకి. మూడోవాళ్ళని కూడా వీధిన వదిలేయరు, యూరోపా లీగ్ అనే రెండో మెట్టు పోటీకి పంపిస్తారు. నాలుగోవాళ్ళు ఇంటికి.

ఈ పద్ధతి మొదట్నుంచీ లేదు. 1955లో పోటీ మొదలైనప్పుడు అంతా నాకౌటే, మన కోడిపందెం లెక్క. ఎదుటి జట్టుతో రెండు మ్యాచ్‌లు, ఓడితే బయటికి. 1991-92లో మొదటిసారి గ్రూపులు పెట్టారు. మరుసటి ఏడు పోటీ పేరే చాంపియన్స్ లీగ్ అయింది. ఓడినవాళ్ళ మీద జాలితో పెట్టారనుకునేరు! పేరున్న జట్టు మొదట్లోనే ఇంటికి పోతే టీవీవాళ్ళకి, టికెట్లమ్మేవాళ్ళకి నష్టం కదా. ఎన్ని ఎక్కువ మ్యాచ్‌లుంటే అంత డబ్బు. ఉద్దేశం ఏదైతేనేం, బెర్గామో లాంటి చిన్న ఊరి జట్టుకీ అదే కలిసొచ్చింది.

రెండో మ్యాచ్ ఉక్రెయిన్ జట్టు షక్తార్‌తో. ఆ జట్టుదీ ఓ కథ. సొంత ఊరు డొనెట్స్క్‌లో గొడవల వల్ల 2014 నుంచి పరాయి ఊళ్ళలోనే 'సొంత' మ్యాచ్‌లు ఆడుకుంటోంది. వాళ్ళ చేతిలోనూ అటలాంటా 2-1తో ఓడింది. మూడోది మాంచెస్టర్ సిటీతో, 5-1. అంటే మూడు మ్యాచ్‌లకి పాయింట్లు సున్నా, తిన్న గోల్స్ పదకొండు. అదే వారంలో కొత్త కాలేజీలో మా అమ్మాయికి ఫిజిక్స్‌లో అరవైకి పదకొండు వచ్చాయి. ఆ పదకొండూ ఈ పదకొండూ కలిసిరావడం చూసి నాకే భయమేసింది. మావారు విసుక్కున్నారు, "రాత్రిళ్ళు బంతాట చూస్తే మార్కులెక్కడినుంచి వస్తాయి?" అని. "చూడనివ్వండి" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన మాటకి నేను అంత గట్టిగా అడ్డం చెప్పింది అదొక్కసారేనేమో.

నవంబర్‌లో సిటీతో రెండోసారి. అక్టోబర్ చివర్లో యూరప్‌లో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి పన్నెండున్నరకి మొదలయ్యే మ్యాచ్ మనకి రాత్రి ఒంటిగంటన్నర అవుతుంది. కార్తీకమాసం. తెల్లవారుజామున కృష్ణలో స్నానానికి వెళ్దామని మా అత్తయ్యగారు మూడింటికే లేచారు. చూస్తే తల్లీకూతుళ్ళం మంచంమీద ఫోన్‌కి అతుక్కుపోయి ఉన్నాం. "ఏమర్రా, మీరూ స్నానానికి వస్తారేమిటి?" అన్నారు పాపం. అప్పుడు మ్యాచ్ మంచి పట్టులో ఉంది. సిటీ గోల్‌కీపర్ ఒకాయన దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు, బదులొచ్చినాయన తప్పు చేసి ఎర్రకార్డు తిన్నాడు, ఇక ఎవరూ లేక మామూలు ఆటగాడు వాకర్ చేతి తొడుగులు వేసుకుని గోల్ ముందు నిలబడ్డాడు! అత్తయ్యగారు కూడా చీర కుచ్చిళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చివరికి 1-1. మనవాళ్ళకి మొదటి పాయింటు. 'మనవాళ్ళు' అనేదాకా వచ్చాన్నేను!

నెలాఖరులో జాగ్రెబ్ జట్టుని 2-0తో ఓడించారు. ఇంక మిగిలింది ఒక్కటే. అమ్మాయి మళ్ళీ కాగితం తీసింది. సిటీ ఎలాగూ మొదటి స్థానంలో ఉంది. షక్తార్‌కి ఆరు, జాగ్రెబ్‌కి అయిదు, అటలాంటాకి నాలుగు. రెండో స్థానం కావాలంటే వీళ్ళు షక్తార్‌ని వాళ్ళ గడ్డమీదే ఓడించాలి, పైగా అదే సమయానికి ఆడే రెండో మ్యాచ్‌లో జాగ్రెబ్ సిటీని గెలవకూడదు. సొంత చేతుల్లో సగం, పరాయి చేతుల్లో సగం. ఈ లెక్క వేస్తున్నప్పుడు దాని ముఖం చూశాను. టెన్త్‌లో లెక్కలు చేసేటప్పుడు ఉండే ముఖం అది. మళ్ళీ కనిపిస్తుందనుకోలేదు.

డిసెంబర్ 11న మ్యాచ్ మనకి పదకొండున్నరకే. ఆ రాత్రి మావారూ వచ్చి కూర్చున్నారు, ఏదో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ. సగం ఆట అయ్యేసరికి సున్నా-సున్నా. నేను లేచి కాఫీ కలుపుకొచ్చాను. తర్వాత ఒకటి, రెండు, ఆట అయిపోయే వేళకి మూడు. అక్కడ జాగ్రెబ్‌లో సిటీ 4-1తో గెలిచింది. మొదటి మూడూ ఓడిన జట్టు ఏడు పాయింట్లతో గ్రూపులో రెండోది. అమ్మాయి అరవలేదు, గెంతలేదు. ఆ కాగితం మీద చివరి గడిలో '7' అని వేసి, రెండుసార్లు గీత గీసి, "రేపు ఫిజిక్స్ టెస్టమ్మా, పడుకుంటా" అంది.

తలుపుకి గడియ ఎప్పుడు పెట్టించానంటారా? సంక్రాంతి వెళ్ళాక. అదే అడిగింది, "అమ్మా, నా తలుపుకి గడియ ఏమైంది?" అని. అప్పటిదాకా తెలిసీ అడగలేదో, చూసుకోనే లేదో, నేనూ అడగలేదు.

అటలాంటా ఆ తర్వాత వాలెన్సియానీ గెలిచి క్వార్టర్ ఫైనల్‌కి వెళ్ళింది. కానీ 2020 మార్చిలో బెర్గామో పేరు ఫుట్‌బాల్ వార్తల్లో కాదు, కరోనా వార్తల్లో విన్నాం. శవపేటికల్ని సైనిక ట్రక్కుల్లో తరలించింది ఆ ఊరినుంచే. టీవీలో ఆ ట్రక్కుల వరస చూసి అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎప్పుడూ చూడని ఊరు, మాకు బంధువుల ఊరైపోయింది.

అమ్మాయి ఇంటర్ పాసైంది. గొప్ప మార్కులేం కావు. ఇంజనీరింగ్ వద్దని డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకుంది. బంధువులు అడిగితే "లెక్కలే" అని చెప్పేదాన్ని. ఇప్పుడు వైజాగ్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ పాయింట్ల పట్టిక వల్లే బాగుపడిందని నేననను. కాలేజీ మారింది, డాక్టరమ్మ దగ్గరికి ఆరునెలలు తీసుకెళ్ళాం, వయసూ గడిచింది. కానీ ఆ మూడునెలలూ దానికీ నాకూ మధ్య మాట్లాడుకోవడానికి ఉన్నది ఆ పట్టిక ఒక్కటే.

ఇప్పుడా గ్రూపులు లేవు. 2023-24తో ఆపేశారు. 2024 నుంచి 36 జట్లు, ఒక్కోటి ఎనిమిది మ్యాచ్‌లు, అందరికీ కలిపి ఒకటే పట్టిక. "ఏం బాలేదమ్మా, మా పాత కాలేజీ గోడమీది జాబితాలా ఉంది" అంటుంది మా అమ్మాయి.

ఇంకో సంగతి, ఇది మన పేజీకి చెప్పాల్సింది. ఆడవాళ్ళకీ చాంపియన్స్ లీగ్ ఉంది. వాళ్ళకి 2021-22లో గ్రూపులు పెట్టారు, 16 జట్లతో. ఆ ఏడే ఏప్రిల్‌లో బార్సిలోనా ఆడపిల్లల సెమీఫైనల్‌కి 91,648 మంది వచ్చారు. గ్రూపులు ఉన్న ఆఖరి ఏడు, 2024-25లో, ఆర్సెనల్ అమ్మాయిలు మొదటి మ్యాచ్ బయర్న్ చేతిలో 5-2తో ఓడారు. కోచ్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. డిసెంబర్‌లో అదే బయర్న్‌ని 3-2తో గెలిచి గ్రూపులో మొదట నిలిచారు. 2025 మేలో లిస్బన్‌లో బార్సిలోనాని 1-0తో ఓడించి కప్పు పట్టుకెళ్ళారు. ఈసారి నన్ను నిద్రలేపింది అమ్మాయే, వైజాగ్ నుంచి ఫోన్ చేసి.

మన తెలుగమ్మాయి ఒకరున్నారు, సౌమ్య గుగులోత్. నిజామాబాద్ జిల్లా. 2022లో క్రొయేషియా వెళ్ళి ఆడింది ఏ జట్టుకో తెలుసా? డైనమో జాగ్రెబ్ ఆడవాళ్ళ జట్టుకి. మా అటలాంటాకి నాలుగు గోల్స్ కొట్టిన క్లబ్బే! తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వచ్చింది. 2024-25లో ఆ జట్టు దేశంలో లీగ్ గెలిచింది, సౌమ్యకి ఆ ఏటి జాతీయ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు వచ్చింది. అలా ఈస్ట్ బెంగాల్ ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్‌లో గ్రూప్ దశకి చేరింది. 2025 నవంబర్‌లో చైనాలోని వుహాన్‌లో జరిగింది. ఇరాన్ జట్టుని 3-1తో కొట్టారు. నేను పాయసం చేశాను కూడా. తర్వాత వుహాన్ చేతిలో 2-0, ఉజ్బెకిస్తాన్ జట్టు చేతిలో 3-0. మూడు గ్రూపుల్లో మూడో స్థానంలో నిలిచిన ముగ్గురిలో ఇద్దరికి క్వార్టర్ ఫైనల్ అవకాశం ఉంది. మిగిలిపోయిన ఆ ఒక్కరూ వీళ్ళే.

"ఓడిపోయారమ్మా" అంది ఫోన్‌లో.

"ఇంకెన్నున్నాయే?" అన్నాను అలవాటుగా.

"ఇంక లేవు. ఇక్కడ మూడే."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా?" అన్నాను. "తింటున్నా" అంది. పళ్ళెం మీద స్పూను చప్పుడు వినిపించింది.